తిరుపతి లాడ్జి నంబర్‌కి స్పామ్ ముద్ర: ట్రూకాలర్, గూగుల్, ఎయిర్‌టెల్... ఎవరి దగ్గర పని అవుతుంది?

‘మీ ఫోన్ స్పామ్ అని వస్తా ఉంది సార్, అందుకే ఎత్తలేదు’ అని కస్టమర్ అనగానే లాడ్జి ఓనరైనా, ట్రావెల్స్ ఓనరైనా మొట్టమొదట చేసే పని ట్రూకాలర్‌ని తిట్టుకోవడం. చాలాసార్లు ఆ తిట్టు తప్పు అడ్రసుకి పోతుంది. ఆ ముద్ర వేసేవాళ్లు కనీసం నలుగురున్నారు. ట్రూకాలర్ యాప్ ఒకటి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే గూగుల్ ఫోన్ యాప్ రెండోది. సాంసంగ్ ఫోన్లలో హియా అనే కంపెనీ డేటాతో నడిచే కాలర్ ఐడీ మూడోది. ఏ యాప్ లేకపోయినా నెట్‌వర్క్ నుంచే హెచ్చరిక పంపే ఎయిర్‌టెల్ నాలుగోది. ఎవరి లెక్క వారిదే. ట్రూకాలర్‌లో స్పామ్ అని చూపే ఎరుపు పోయి మామూలు నీలం వచ్చినా గూగుల్ ఫోన్‌లో ఎరుపు అలాగే ఉండొచ్చు. అందుకని తిరుపతి, చిత్తూరు వ్యాపారాలకి ఎవరి దగ్గర ఎంత పని జరుగుతుందో, దేనికి డబ్బు పెట్టొచ్చో విడివిడిగా చూడాలి.

ముద్ర ఎవరిదో ముందు పట్టుకోండి

సిబ్బంది ఫోన్లే చాలు. షరతు ఒక్కటే, మీ నంబర్ ఆ ఫోన్లలో సేవ్ అయి ఉండకూడదు. సేవ్ చేసుకున్న నంబర్‌కి కాంటాక్ట్ పేరే పడుతుంది. రిసెప్షన్ నుంచి తన ఫోన్‌కే రింగ్ ఇప్పించుకుని ‘నాకు బాగానే వస్తోందే’ అనే ఓనర్లు మోసపోయేది ఇక్కడే.

ఒక ఫోన్‌లో ట్రూకాలర్ ఉండాలి. రెండో దాంట్లో ట్రూకాలర్ లేకుండా గూగుల్ ఫోన్ యాప్, జియో సిమ్ ఉండాలి. మూడోది ఎయిర్‌టెల్ సిమ్ ఉన్న ఫోన్. అందులో కాలర్ ఐడీలన్నీ ఆపెయ్యాలి. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్‌కి వెళ్లి ‘కాలర్ ఐడీ అండ్ స్పామ్ యాప్’ దగ్గర ‘నన్’ పెట్టండి. గూగుల్ ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో కాలర్ ఐడీ, స్పామ్ రెండూ ఆఫ్ చెయ్యండి. ఇంత చేశాక కూడా స్పామ్ అని పడితే అది నెట్‌వర్క్ వేసిన ముద్ర. సాంసంగ్ దొరికితే నాలుగో ఫోన్‌గా దాన్నీ చూడండి. మొబైల్ డేటా ఆపి చూస్తే సరిపోతుందనుకోకండి, ట్రూకాలర్ కొన్ని స్పామ్ నంబర్లని ఫోన్‌లోనే దాచుకుంటుంది.

ప్రతి తెరకీ తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత కంప్లయింట్ పెట్టేటప్పుడు అవతలివాళ్లు మొదట అడిగేది అదే.

ఇంకో మాట. జియో నుంచి ఎయిర్‌టెల్‌కి పోర్ట్ అయితే ముద్ర పోతుందని సిమ్ అమ్మేవాళ్లు చెబుతుంటారు. వట్టిది. ముద్ర నంబర్‌ని పట్టుకుని ఉంటుంది, మీ సిమ్ కంపెనీని పట్టుకుని కాదు. మీది ఏ నెట్‌వర్క్ అయినా, ఫోన్ అందుకునే ఎయిర్‌టెల్ కస్టమర్‌కి హెచ్చరిక కనిపిస్తుంది.

ఈ ఊరి వ్యాపారమే ఆ కొలతకి సరిపోతుంది

2025 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తన నిబంధనలు సవరించినప్పుడు ఆపరేటర్లు ఏ లక్షణాలు గమనించాలో చెప్పింది. మామూలుకి మించి ఎక్కువ కాల్స్, అతి తక్కువసేపు మాట్లాడే కాల్స్, వెళ్లే కాల్స్‌తో పోలిస్తే వచ్చే కాల్స్ బాగా తక్కువగా ఉండటం. ఇప్పుడు లీలామహల్ సర్కిల్ దగ్గరి ఒక లాడ్జి రిసెప్షన్ ఫోన్‌ని ఊహించుకోండి. పొద్దున్నుంచి చెన్నై, బెంగళూరు, షోలాపూర్ నంబర్లకి వరసగా ఫోన్లు. అన్నీ మొదటిసారి చేస్తున్న నంబర్లే. ‘రూమ్ కన్ఫర్మ్ సార్, ఎన్నింటికి దిగుతారు?’ అంటే పదిహేను సెకన్లు. రూమ్ ఖాళీ చేసి వెళ్లిన యాత్రికుడు మళ్లీ ఫోన్ చెయ్యడు. ట్రాయ్ చెప్పిన మూడు లక్షణాలూ ఒక్క టేబుల్ మీదే కనిపిస్తాయి.

ట్యాక్సీవాళ్లది ఇంకో రకం అలవాటు. రేణిగుంట స్టేషన్ బయట నిలబడి ప్రయాణికుడికి ఒక్క రింగ్ ఇచ్చి కట్ చేస్తారు, ‘అదే నా నంబర్ సార్, సేవ్ చేసుకోండి’ అని. బ్యాలెన్స్ మిగుల్చుకునే రోజుల్లో పుట్టిన ఆ మిస్‌డ్ కాల్ పద్ధతి అన్‌లిమిటెడ్ ప్యాక్ వచ్చాక కూడా పోలేదు. స్పామ్ కనిపెట్టే యంత్రానికి మూడు సెకన్ల రింగ్ కన్నా అనుమానించదగ్గ సంగతి ఉండదు. నంబర్ పంపాలంటే వాట్సాప్‌లో పంపండి.

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకి వేరే చిక్కు. తోతాపురి కోతలప్పుడు ఒకే నంబర్ నుంచి రోజంతా రైతులకి టోకెన్ల గురించి, లారీల గురించి ఫోన్లు పోతాయి. మిగతా నెలల్లో ఆ నంబర్ దాదాపు నిద్రపోతుంది. ఉన్నట్టుండి లేచిన ఆ పోటు యంత్రం కంటికి మోసగాడి సిమ్‌లాగే కనిపిస్తుంది. సీజన్‌కి కొత్త సిమ్ తీసుకోవడం ఇంకా చేటు. పాత చరిత్రే లేని నంబర్ మొదటి రోజే వందల కాల్స్ చేస్తుంది. ఏడాది పొడవునా వాడే నంబర్లే నయం, అదీ కాల్స్‌ని రెండు మూడు నంబర్లకి పంచితే.

ఇక మనుషులు చేసే రిపోర్టులు. దర్శనం టికెట్లు ఇప్పిస్తామంటూ మోసం చేసే దళారుల గురించి టీటీడీ ఎప్పటికప్పుడు హెచ్చరిస్తూనే ఉంటుంది. ఆ హెచ్చరికలు చదివిన భక్తుడికి ట్రూకాలర్‌లో ‘బాలాజీ దర్శనం ట్రావెల్స్’ లాంటి పేరు కనబడితే ఎత్తకుండానే బ్లాక్ కొడతాడు. మీరు అమ్మేది కారు ప్రయాణమే అయితే పేరులో ‘దర్శనం’ ఎందుకు? తీసెయ్యండి. ‘తిరుపతి క్యాబ్స్, రేణిగుంట’ అన్న పేరు చప్పగా ఉన్నా నమ్మకంగా ఉంటుంది.

ట్రూకాలర్, డబ్బు పెట్టకుండా

నలుగురిలో మీ మాట వినే అవకాశం ఎక్కువగా ఉన్నది ట్రూకాలరే. మీ నంబర్ వెతికితే ఆండ్రాయిడ్‌లో దాని పేజీలో ఎన్ని స్పామ్ రిపోర్టులు పడ్డాయి, కాల్స్ ఎంత జోరుగా పోతున్నాయి, ఏ వేళల్లో ఎక్కువ అన్నది చూపిస్తుంది. చాలామంది చూడకుండా దాటేసే ఆ ‘పీక్ కాలింగ్ అవర్స్’ మీద కాసేపు ఆగండి. పొద్దున ఆరు, ఏడు మధ్య పోటు కనబడితే జబ్బు ఎక్కడుందో తెలిసినట్టే. నడక మెట్లెక్కి అలసి పడుకున్నవాళ్లని ‘చెక్ అవుట్ ఎప్పుడు సార్’ అని నిద్ర లేపే కాల్సే రిపోర్టుల్ని తెస్తున్నాయి.

బిజినెస్ సిమ్ ఉన్న ఫోన్‌లోనే యాప్ వేసి, ఆ నంబర్‌తోనే రిజిస్టర్ అవ్వండి. ఓనర్ సొంత నంబర్‌తో రిజిస్టర్ అయి రిసెప్షన్ నంబర్ బాగుచేద్దామంటే కుదరదు. పేరు, చిరునామా, పనివేళలు, వెబ్‌సైట్ నింపండి. పేరు మీ బోర్డు మీద ఉన్నట్టే ఉండాలి. ‘బెస్ట్’, ‘నంబర్ వన్’, ‘ఆఫర్’ వంటివి వద్దు. తర్వాత యాప్‌లోని హెల్ప్ నుంచి సపోర్ట్‌కి రాయండి. ఏ వ్యాపారం, ఎందుకు ఫోన్ చేస్తారు, జీఎస్టీ లేదా ట్రేడ్ లైసెన్స్ ఉందా అన్నది నాలుగు లైన్లలో చెప్పి స్క్రీన్‌షాట్ జత చెయ్యండి. పాత కస్టమర్లలో మీ కాల్ అందుకున్నవాళ్లని తమ యాప్‌లో ‘నాట్ స్పామ్’ నొక్కమని అడగొచ్చు. సిబ్బంది అందరి చేతా ఒకే సాయంత్రం అదే పని చేయించడం మాత్రం పనికిమాలిన తెలివి. ముద్ర పోయినా, కాల్స్ తీరు మారకపోతే తిరిగి వస్తుంది. అందుకే క్రమం ముఖ్యం. ముందు పొద్దున్నే చేసే కాల్స్, మిస్‌డ్ కాల్స్, ఆఫర్ కాల్స్ ఆపండి, కొన్ని వారాలు గడవనివ్వండి, అప్పుడు సపోర్ట్‌కి రాయండి.

‘అన్‌లిస్ట్’ అనే దారి కూడా ఉంది. అకౌంట్ డీయాక్టివేట్ చేసి, వెబ్‌సైట్‌లో నంబర్ ఇస్తే జాబితాలోంచి తీస్తారు. సొంత నంబర్‌కి బాగుంటుందేమో గానీ వ్యాపారానికి పనికిరాదు. పేరే కనబడని నంబర్‌ని ఏ యాత్రికుడు ఎత్తుతాడు?

ట్రూకాలర్ వెరిఫైడ్ బిజినెస్, డబ్బు పెట్టి

ఆకుపచ్చ గుర్తు, మీ లోగో, ఫోన్ ఎందుకు చేస్తున్నారన్న చిన్న కారణం, ఇవన్నీ తెర మీద కనబడే సర్వీస్ ఇది. దీనికి అసలు విలువ పేరు లాక్ అవ్వడంలో ఉంది. మామూలు నంబర్‌కి జనం తమ ఇష్టమొచ్చిన పేరు సూచించొచ్చు, రూమ్ దొరకని కోపంలో ఎవరో ‘ఫ్రాడ్ లాడ్జ్’ అని పెట్టొచ్చు. వెరిఫైడ్ అయితే ఆ వీలుండదు. అయితే బ్యాడ్జి ఉన్నంత మాత్రాన అవతలివాళ్ల బ్లాక్ బటన్ మాయం కాదు.

ఇరవై గదుల లాడ్జికి, నాలుగు కార్ల ట్రావెల్స్‌కి ఇది అక్కర్లేని ఖర్చు. రోజూ వందలమందికి రిపోర్ట్, అపాయింట్‌మెంట్ కాల్స్ చేసే ఆసుపత్రి, ల్యాబ్, కాలేజీ అడ్మిషన్ ఆఫీసు అయితే తీసుకోవచ్చు. అక్కడ ఎత్తని ప్రతి కాల్‌కీ మళ్లీ రెండు కాల్స్ పోతాయి, అవి మళ్లీ స్పామ్ లెక్కలో పడతాయి. కొనేముందు ఎన్ని నంబర్లకి వర్తిస్తుందో, ఏడాది తర్వాత రెన్యూవల్ ఎంతో రాతపూర్వకంగా అడగండి.

గూగుల్, సాంసంగ్

గూగుల్ ఫోన్ యాప్‌లో ఇది స్పామ్ కాదని తేలిగ్గా చెప్పగలిగింది కాల్ అందుకున్నవాళ్లే. రీసెంట్స్‌లో మీ కాల్‌ని పట్టుకుని నొక్కితే ‘నాట్ స్పామ్’ వస్తుంది. మీ చేతిలో ఉన్న గట్టి పని ఒకటుంది, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. వ్యాపారాల పేర్లని గూగుల్ కాలర్ ఐడీ అక్కడినుంచే తీసుకుంటుంది. మ్యాప్స్‌లో మీ లాడ్జి పేజీలో ఉన్న నంబర్, మీరు ఫోన్ చేసే నంబర్ ఒకటేనా చూడండి. పేజీలో పాత ల్యాండ్‌లైన్ ఉంచి, కాల్స్ అన్నీ మొబైల్ నుంచి చేస్తే పేరు పడదు. ‘అడిషనల్ ఫోన్’ గడిలో రెండో నంబర్ చేర్చొచ్చు. సాంసంగ్ విషయంలో చేయగలిగింది ఇంకా తక్కువ, కస్టమర్ వైపు నుంచి స్పామ్ కాదని చెప్పించడం తప్ప.

ఐఫోన్లలో ఐఓఎస్ 26 నుంచి తెలియని నంబర్‌ని ఫోనే ముందు పేరు, పని అడిగే ఏర్పాటు వచ్చింది. యంత్రం గొంతు వినగానే మన డ్రైవర్లు కట్ చేస్తారు. కట్ చెయ్యకుండా ‘ఫలానా క్యాబ్స్, మీ పికప్ కోసం’ అని చెప్పడం నేర్పితే చాలు.

ఎయిర్‌టెల్ నెట్‌వర్క్ హెచ్చరిక

2024 సెప్టెంబర్‌లో ఎయిర్‌టెల్ ఈ ఏఐ వ్యవస్థని తెచ్చింది. కాల్ చేసేవాళ్ల వాడకం తీరు, ఎన్ని కాల్స్, ఎంతసేపు వంటి 250 దాకా అంశాలు చూస్తుందని కంపెనీ చెప్పింది. కస్టమర్లకి ఉచితం, యాప్ అక్కర్లేదు. అందుకునేవాళ్లకి నిజంగా మేలైన సర్వీస్, అందులో అనుమానం లేదు. వ్యాపారి వైపు నుంచి చూస్తే నలుగురిలో ఇదే కష్టం. ట్రూకాలర్‌లో లాగా మీ పేజీ ఉండదు, రిపోర్టుల సంఖ్య కనబడదు, పేరు రాసుకునే గడి ఉండదు. లెక్కలోకి వచ్చేది మీ కాల్స్ తీరొక్కటే.

మీది ఎయిర్‌టెల్ కనెక్షన్ అయితే, అదీ సంస్థ పేరు మీద ఉంటే, 198కి ఫోన్ చేసి కంప్లయింట్ పెట్టి డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తీసుకోండి. ‘చూస్తాం సార్’ అన్న మాటకి విలువ లేదు, డాకెట్ నంబర్‌కి ఉంది. తేలకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వెళ్లొచ్చు, దానికి గడువు 30 రోజులు. మీది వేరే నెట్‌వర్క్ అయితే ముందు మీ ఆపరేటర్ దగ్గరే ఇదే పద్ధతిలో కంప్లయింట్ పెట్టండి. దాంతోపాటు ఎయిర్‌టెల్ వాడే మీ నిత్య కస్టమర్, అంటే మీతో ఏళ్లుగా పనిచేసే ట్రావెల్ ఏజెంటో, కాంట్రాక్టరో, తన కనెక్షన్ నుంచి ‘ఈ నంబర్ నాకు కావలసినది’ అని చెప్పడం ఉపయోగం.

ఈ ముద్ర పోవాలంటే పని చేసే మందు వచ్చే కాల్స్ పెంచుకోవడం. బుకింగ్ కన్ఫర్మ్ అయ్యాక మీరు ఫోన్ చేసే బదులు వాట్సాప్‌లో లేదా ఎస్సెమ్మెస్‌లో ‘మీ రూమ్ సిద్ధం, వచ్చే ముందు ఈ నంబర్‌కి కాల్ చెయ్యండి’ అని పంపండి. అవతలినుంచి కాల్ వస్తే లెక్క మారుతుంది, మాట్లాడే సమయమూ పెరుగుతుంది. ఎస్సెమ్మెస్ ఒకేసారి చాలామందికి పంపాలంటే మాత్రం వ్యాపార సందేశాలు పంపేవాళ్లు నమోదయ్యే డీఎల్‌టీ పోర్టల్‌లో రిజిస్టర్ అయి, హెడర్ (పంపినవాళ్ల పేరుగా కనబడే అక్షరాలు), టెంప్లేట్ (సందేశం నమూనా) ఆమోదం తీసుకోవాలి. ఆ హెడర్ చివర కనబడే ‘ఎస్’, ‘టీ’ అక్షరాలు సర్వీస్, లావాదేవీ సందేశాలకి, ‘పీ’ ప్రచారానికి.

0877తో మొదలయ్యే ల్యాండ్‌లైన్‌ని ఇంకా వదులుకోని లాడ్జిలు ఒకరకంగా అదృష్టవంతులు. కోడ్ చూడగానే తిరుపతి అని తెలిసిపోతుంది. చిత్తూరువాళ్లకి 08572. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ తీసుకుంటే ఆ నంబర్ కూడా వస్తుంది.

ఆఫర్ కాల్స్ జోలికి పోవద్దు

ఇంతవరకు చెప్పింది పొరపాటున పడే ముద్ర గురించి. బ్రహ్మోత్సవాల ఆఫర్, దసరా డిస్కౌంట్ అని మామూలు పదంకెల నంబర్ నుంచి పాత కస్టమర్లందరికీ ఫోన్ చేస్తే అది పొరపాటు ముద్ర కాదు, నిబంధనల ఉల్లంఘన. ప్రచార కాల్స్‌కి 140 సిరీస్, అంటే 140తో మొదలయ్యే నంబర్లు ఉన్నాయి, రిజిస్టర్ అయినవాళ్లకే. 1600 సిరీస్ బ్యాంకులు, బీమా, ప్రభుత్వం వంటివాటికి, లాడ్జికి రాదు. 2025 సవరణ ప్రకారం రిజిస్టర్ కాని నంబర్ మీద 10 రోజుల్లో 5 ఫిర్యాదులు వస్తే చర్య మొదలవుతుంది. మొదటిసారి 15 రోజులు అవుట్‌గోయింగ్ బంద్, మళ్లీ అయితే అన్ని కనెక్షన్లూ ఏడాదిపాటు కట్, బ్లాక్‌లిస్ట్. ఫిర్యాదు చెయ్యాలంటే కస్టమర్‌కి 1909 చాలు. ఐదుగురికి కోపం రావడం ఎంతసేపు?

సిమ్ ఎవరి పేరు మీద ఉంది?

రిసెప్షన్ సిమ్ ఎప్పుడో మానేసి వెళ్లిన కుర్రాడి ఆధార్ మీద ఉండటం మన ఊళ్లో మామూలే. ఇప్పుడు అది ఊరుకునే విషయం కాదు. నెట్‌వర్కే కాల్ చేసేవాళ్ల పేరు చూపించే సీఎన్ఏపీ పద్ధతిని 2024 ఫిబ్రవరిలో ట్రాయ్ సిఫార్సు చేసింది. అందులో కనబడేది సిమ్ దరఖాస్తులో రాసిన పేరు. యాత్రికుడి తెరమీద లాడ్జి పేరు బదులు ఎవరో కుర్రాడి పేరు పడితే ఎత్తడు. బిజినెస్ కనెక్షన్ అయితే జీఎస్టీలో ఉన్న ట్రేడ్ పేరు చూపించుకునే వీలు ఉండాలని ఆ సిఫార్సుల్లోనే ఉంది. కాబట్టి జీఎస్టీ సర్టిఫికెట్‌తో సంస్థ పేరు మీదికి మార్పించండి, వాడే మనిషి కేవైసీ కూడా అడుగుతారు. టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో మీ పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూసుకుని, మీవి కానివి అక్కడే రిపోర్ట్ చెయ్యండి. ఒకరి పేరు మీద 9 సిమ్‌ల వరకే అనుమతి.

యూపీఐ పేమెంట్లు తీసుకునే నంబర్‌నీ, రోజంతా కాల్స్ చేసే నంబర్‌నీ వేరు చెయ్యడం మంచిది. 2025 మే నుంచి టెలికాం శాఖ అనుమానాస్పద నంబర్లని మోసపు ప్రమాద స్థాయిని బట్టి మధ్యస్థం, ఎక్కువ, మరీ ఎక్కువ అని విడగొట్టి బ్యాంకులకి, యూపీఐ యాప్‌లకి ఇస్తోంది. మరీ ఎక్కువ స్థాయిలో పడితే డబ్బు రావడమే ఆగొచ్చు.

‘మూడు రోజుల్లో స్పామ్ తీసేస్తాం’ అని వాట్సాప్‌లో తిరిగే ఏజెంట్లకి పైసా ఇవ్వొద్దు. వాళ్లు చేసేది పైన చెప్పిన సపోర్ట్ ఫారమే. ఓటీపీ అడిగితే ఇంకా ప్రమాదం. ఆ ఆరంకెలతో మీ వాట్సాప్ వాళ్ల చేతికి పోతుంది, మీ పేరుతో అడ్వాన్సులు అడుగుతారు.

ఏదీ పని చెయ్యక కొత్త నంబర్ తీసుకునే పరిస్థితి వస్తే, అది నిజంగా కొత్తదే అనుకోవద్దు. రద్దయిన నంబర్‌ని 90 రోజులు పక్కన పెట్టి మళ్లీ ఇంకొకరికి ఇస్తారు. పాతాయన చేసిన నిర్వాకం ట్రూకాలర్‌లో అలాగే ఉండొచ్చు, అదే నంబర్‌కి ఎవరిదో బ్యాంక్ అకౌంట్ ముడిపడి ఉండొచ్చు. సిమ్ యాక్టివేట్ అయిన రోజే ట్రూకాలర్‌లో వెతికి, మొదట చెప్పిన ఫోన్లకి రింగ్ ఇచ్చి చూడండి. బోర్డు, విజిటింగ్ కార్డు, కార్ల వెనక స్టిక్కర్లు ప్రింటుకి ఇచ్చేది ఆ తర్వాతే.